దస్తగిరి బొటనవేలు

ప్రొద్దుటూరులో కత్తికి సాన పట్టించాలంటే దస్తగిరి దగ్గరికే పోవాలి. మంగలివాళ్ల కత్తులు, కసాయివాళ్ల కత్తులు, పులివెందుల వైపు నుంచి రైతులు తెచ్చే తోట కత్తులు, మా ఇళ్లలో ఆడవాళ్ల కత్తిపీటలు, అన్నీ ఆ రేకుల కొట్టుకే చేరేవి. నేను మునిసిపల్ బడిలో అయ్యవారిని, పేరు సీతాపతి. సాయంత్రం బడి వదలగానే పేపరు చంకన పెట్టుకుని అతని కొట్టులో కూచునేవాణ్ణి. అతనికి చదువు రాదు. నేను పేపరు చదివి వినిపిస్తే అతను తన పని చూపించేవాడు. నాకు బడిపిల్లల కంటే అతనితోనే పొద్దుపోయేది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు అతను ఆయిలింజనుతో తిరిగే పట్టా పెట్టుకున్నాడు. రెండు ఇనప చక్రాలు, వాటి మీద దళసరి గుడ్డ పట్టా. దానికి జిగురు కాచి పూసి, మీద ఎమిరీ రాతిపొడి అద్ది ఎండబెట్టేవాడు. కొత్త పట్టా మీద ముతక పని, అరిగిన పట్టా మీద నున్నటి పని. మోచేతులు రెండూ డొక్కలకు ఆనించి, నడుం నుంచి పక్కకు ఊగుతూ కత్తిని లాగేవాడు. చేతులు ఊపితే వాటం మారిపోయి అంచు వంకర తిరుగుతుందట. ఒక పక్క ఎన్నిసార్లు లాగితే రెండో పక్కా అన్నేసార్లు. మొన దగ్గరికి రాగానే కత్తి ఎత్తెయ్యాలి, లేకపోతే మొన గుండ్రమైపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం వేడి. రెండు క్షణాలు ఏమరితే అంచు నీలం తిరుగుతుంది. నీలం తిరిగిన ఉక్కు చచ్చినట్టే, ఆ తర్వాత ఎంత పట్టినా పదును నిలవదు. అందుకే అతను చేతికి గుడ్డ కట్టుకునేవాడు కాదు. బొటనవేలిని అంచుకు దగ్గరగా ఆనించి పట్టేవాడు. వేలు చురుక్కుమనగానే కత్తిని తొట్టి నీళ్లలో ముంచేవాడు.

"అయివారూ, ఇంజను ఎవురైనా పెట్టుకుంటారు. ఈ యేలు యాడ తెస్తారు?" అని బొటనవేలు చూపించేవాడు. కొంచెం పొగరే. ఉండదగిన పొగరు.

యాభై ఏడు ఎండాకాలంలో కమాల్ బాషా కత్తి పట్టుకొచ్చాడు. అతను కసాయి, దస్తగిరి భార్య ఖమర్‌బీకి సొంత అన్న. ఎముక తగలగానే అంచు మడత పడుతోందని గొణిగాడు. చూస్తే మొన దగ్గర నీలం. దస్తగిరి నవ్వేసి, నీలం ఉన్నంత మేరా అరగదీసి కొత్త అంచు పెట్టిచ్చాడు. వారం తిరక్కుండా మంగలి నారాయణ వచ్చాడు, ఆ వెనక ఇంకొకరు. దస్తగిరి ముందు ఎమిరీని తిట్టాడు. తర్వాత ఇంజను వేగం తగ్గించాడు. మూడు పట్టాలు మార్చాడు. చివరికి ఈ కాలం ఉక్కులోనే సత్తువ లేదన్నాడు. అన్నిటినీ అనుమానించాడు గాని తన వేలిని అనుమానించలేదు. ఎందుకు అనుమానిస్తాడు?

ఒక సాయంత్రం పేపరు చదువుతుంటే చర్మం కాలిన కంపు కొట్టింది. తలెత్తి చూస్తే అతని బొటనవేలి కింద నుంచి సన్నగా పొగ. అతను ఊగుతూనే ఉన్నాడు. నేను కేక వేస్తే కత్తి ఎత్తి వేలు చూసుకున్నాడు. తోలు ఊడి వచ్చింది. చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత ఆ వేలిని తిరిగే పట్టాకు కావాలనే తాకించాడు. రక్తం కారింది. మొహంలో నొప్పి లేదు. ఇంజను ఆపేశాడు.

"అయివారూ, నాకేం తెలీడంల్యా" అన్నాడు.

అతని మోచేతి దగ్గర రెండేళ్లుగా ఒక పాలిపోయిన మచ్చ ఉంది. తామర అనుకుని ఇద్దరం పట్టించుకోలేదు.

జమ్మలమడుగు ఆసుపత్రికి నేనే తోడు పోయాను. ఆ మేరకు మంచివాణ్ణే. డాక్టరు సూదితో గుచ్చి చూసి పెద్దరోగం, అంటే కుష్టు, అన్నాడు. ఇతనిది ఇంకొకరికి అంటుకునే రకం కాదని, ఏళ్ల తరబడి మాత్రలు మింగితే రోగం ఆగుతుందని, పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాదని చెప్పాడు. తిరుగు బస్సులో దస్తగిరి నా చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయాడు.

"ఎవురికీ చెప్పాకు అయివారూ. రోగం నన్ను సంపదు. ఊరికి తెలిస్తే మాత్రం నేను పట్టిన కత్తి ఎవురూ ముట్టరు. పని పోతే నేను బతకను" అన్నాడు.

చెప్పనని మాటిచ్చాను. అతని చెయ్యి నేనే పట్టుకున్నాను. ఇంటికి వచ్చి ఆ చేతిని సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను. అదీ నిజమే.

మరునాటి నుంచి ఖమర్‌బీ కొట్టుకు రావడం మొదలుపెట్టింది. మొగుడి ఎడమ పక్కన పీట వేసుకుని కూచునేది. అతను ఒకసారి లాగి కత్తి చాపితే, ఆమె వేలు ఆనించి "ముంచు" అనో "ఇంగా పట్టు" అనో చెప్పేది. సాన పట్టాక అంచు వెంట సన్నటి ఇనప పొర లేస్తుంది, చూపుకు ఆనదు, వేలికే తెలుస్తుంది. అదీ ఆమె వేలే చూసుకునేది. నెల తిరిగేసరికి ఇద్దరికీ కుదిరింది, కత్తులు మునుపటిలా వచ్చాయి. ఖమర్‌బీ వాళ్ల అన్న కమాల్ బాషాకు మాత్రం సంగతి చెప్పుకుంది. అతను, నేను, వాళ్లిద్దరు. ఊళ్లో తెలిసింది నలుగురికే.

ఆరు నెలలు నోరు మూసుకున్నాను. మా రెండో బిడ్డకు అన్నప్రాశన వచ్చింది. నా భార్య జయలక్ష్మి కత్తిపీట సాన పట్టించుకు రమ్మంది. మొండిగా ఉన్నా ఫరవాలేదన్నాను. ఎందుకలా అంటున్నావని ఆమె వదల్లేదు. ఒడిలో చంటిబిడ్డను చూసేసరికి డాక్టరు చెప్పిన ముక్క ఒక్కటీ గుర్తు రాలేదు. చెప్పేశాను. ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆమె వాళ్లక్క శాంతకుమారి ఒక్కదానికే, అలాగే ఒట్టు వేయించుకుని చెప్పింది. జయలక్ష్మిని తిట్టే హక్కు నాకు లేదు. అయినా తిట్టాను.

నాలుగు రోజులు పట్టలేదు. నారాయణ సానకిచ్చిన కత్తుల కోసం మళ్లీ రాలేదు. టీ కొట్టువాడు దస్తగిరికి కొబ్బరి చిప్పలో టీ పోశాడు. స్థలం వాళ్లు కొట్టు ఖాళీ చెయ్యమన్నారు. వారం పాటు దస్తగిరి రోజూ పొద్దున ఇంజను వేసి, తిరిగే పట్టా ముందు ఉత్త చేతులతో నిలబడేవాడట. నేను చూడలేదు. ఆ వీధి మానేసి చుట్టుదారిన బడికి పోయేవాణ్ణి. ఒకరోజు ఇంజను చప్పుడు లేదు. వాళ్లు ఊరు విడిచి పోయారన్నారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

మూడేళ్ల తర్వాత పరీక్షల పని మీద పులివెందుల పోయాను. బస్టాండు పక్కన ఖమర్‌బీ సానచక్రం తొక్కుతూ కనిపించింది. పక్కన దస్తగిరి కూచుని నోటితో వాటం చెబుతున్నాడు. అతని వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. తప్పించుకుందామనుకున్నాను గాని అప్పటికే నన్ను చూసి లేచాడు. రోగం ఆగిపోయిందని, ఈ ఊళ్లో అందరూ కాలిన చేతులనుకుంటున్నారని సంతోషంగానే చెప్పాడు. ఏదో ఒకటి అడగాలని, కొన్నాళ్లుగా మా ఊళ్లో కనబడని కమాల్ బాషా బాగున్నాడా అన్నాను.

ఖమర్‌బీ తొక్కడం ఆపింది. దస్తగిరి తల దించుకున్నాడు.

"సచ్చిపోయినాడు అయివారూ, పోయిన రంజానుకు ముందు. ఈమె కడసారి మొగం చూడనీకి గూడా పోలేదు."

"యాల పోవల్ల?" అంది ఖమర్‌బీ. "తెలిసింది మాకూ, వానికీ, మీకూ. మీరు ఆసుపత్రికి తోడొచ్చినోళ్లు. ఇంగ వాడు గాక ఎవురు చెప్తారు? నేను కాదని ఖురాను మీద సెయ్యేసినాడు, నేను నమ్మలా. మంచంలో పడినాక మూడు తూర్లు మనిషిని పంపినాడు, ఒక్కసారి వచ్చి పొమ్మని."

ఆమె కళ్లు తుడుచుకోలేదు. నావైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"వాడు కాదేమో అని ఈ మధ్యన ఒగోసారి అనిపిస్తాది. మీరు సదువుకున్నోళ్లు, ఊళ్లోనే ఉన్నారు. వాడేనంటారా?"

ప్రొద్దుటూరు బస్సు కదలబోతోంది. ఇద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు.

"నాకేం తెలుసమ్మా" అన్నాను.