ముందే మోగిన ఈల

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్ద అబద్ధమేమీ కాదు, ఒక్క మాట. ఒక మనిషి పేరు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

కడపలో చిన్న ఆఫీసు మాది. ఫోన్లో ఆడుకునే ఆటలు తయారుచేస్తాం. అప్పుడు ఎడ్ల బండలాగుడు పోటీ మీద ఒక ఆట చేస్తున్నాం. కోడ్ రాసేది నేనూ, ఎర్రగుంట్ల నుంచి బస్సులో వచ్చే సలోమి. ఆమె చేరి నాలుగు నెలలు. ఈల నా పని. ఆట మొదలైన ఐదు నిమిషాలకు ఈల మోగాలి, ఎడ్లు ఆగాలి. "ఇంతసేపయ్యాక ఈ పని చెయ్యి" అని ముందే చెప్పిపెట్టడం, అంతే. ఒకరోజు సలోమి నేను రాసింది చూసి అంది:

"అన్నా, మధ్యలో ఆపి మళ్లా మొదలుపెడితే పాత ఈల అట్లే ఉండాది. కొత్త ఆటలో మోగుతాంది. మా నాయన పోటీల్లో ఎడ్లు తోల్తాడు. ఒక జత తప్పుకుంటే గడియారం ఆపేసి, ఇంగో జతకు మొదట్నించి పెడతారు గదా."

"మధ్యలో ఎవురు ఆపుతారు మ్మే? నీ పని నువ్వు చూసుకో."

తెలియక అన్నానా? కాదు. ఆమె చెప్పింది నిజమని అప్పుడే తెలుసు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నా తప్పు పట్టడం మింగుడు పడలేదు.

ఆట కొనడానికి వచ్చినాయన సరిగ్గా అదే చేశాడు. కాసేపు ఆడి, ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు. ఎడ్లు మంచి ఊపులో ఉండగా ఈల మోగింది. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి లేచాడు. ఆయన వెళ్లాక మా ఓనరు అడిగాడు.

"ఈల ఎవురు రాసినారప్పా?"

"సలోమి," అన్నాను.

ఆమె పక్కనే ఉంది. నా వైపు చూసింది. నోరు విప్పుతుందేమోనని భయపడ్డాను. విప్పలేదు. విప్పినా ఓనరు నమ్మేది నన్నేనని ఇద్దరికీ తెలుసు. ఓనరు ఆమెను రేపటి నుంచి రావద్దన్నాడు. టిఫిన్ బాక్సు కడుక్కుని, సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే సరిచేశాను. ఒక్క లైను. ఆట ఆగితే దాని ఈలను రద్దు చెయ్యి. ఆమె చెప్పినట్టే. ఓనరు భుజం తట్టాడు. సిగ్గులేకుండా తట్టించుకున్నాను.

ఆమె నంబరు ఇంకా నా ఫోన్లో ఉంది. చేసి ఏమనాలి? క్షమించమంటే నా బరువు మళ్లీ ఆమె నెత్తిన పెట్టినట్టు కాదా? పోనీ, ఓనరుకు చెప్పొచ్చు కదా అంటారు. పోవాల్సిన ఉద్యోగం నాదేనని తెలిసి కూడా, అది పోతుందన్న భయంతోనే ఇన్నేళ్లూ రోజూ అదే కుర్చీలో కూర్చుంటూ, ఇవాళ కాదు రేపు అనుకుంటూ గడిపేశాను.

ఇప్పుడా ఆటలో ఈల వేళకే మోగుతోంది. ఇదంతా రాసినందువల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదు. నాకే కొంచెం ఊపిరాడుతోంది. ఆ రోజు మోగిన ఈల రాసింది నేను. సలోమి కాదు.