పుల్లన్నకు కుదరని కాలం

తిరుమలకు కాలినడకన పోవడానికి తగిన కాలాన్ని దేవుడింకా పుట్టించలేదని మా బెళుగుప్ప పుల్లన్న నమ్మకం. మిగతా అన్నిట్లోనూ మాట మీద నిలబడే మనిషి. నడక మాటెత్తితే మాత్రం ఆకాశం వైపు చూసి ఏదో ఒక వంక పట్టుకొస్తాడు.

పోనీ, ఆ మొక్కు ఆయనొక్కడిదీ కాదు. పక్క చేను ఓబుళేసుతో కలిసి బోరు వేయించినప్పుడు, నీళ్లు పడితే ఇద్దరం జోడుగా నడిచొచ్చి తలనీలాలిస్తామని మొక్కుకున్నారు. మా కరువు నేలలో నీళ్లు పడనే పడ్డాయి. ఇక జుట్టూ గడ్డమూ పెరుగుతున్నాయి గానీ ప్రయాణం మాత్రం కదలదు.

"వైశాఖంలో పోదామా అన్నా?" అని అడిగేవాణ్ణి నేను.

"అరికాళ్లు తారుకు అతుక్కుంటాయప్పా."

"శ్రావణంలో?"

"చేన్లో గడ్డి ఎవరు తీస్తారు, మీ నాయనా?"

"కార్తీకం?"

"చెనక్కాయ పీకేది అప్పుడే గదప్పా."

"పీకినాక?"

"మంచుకు మోకాళ్లు పట్టేస్తాయి."

"ఉండేది పన్నెండు నెలలే కదన్నా."

"నా బాధా అదేనప్పా."

ఓబుళేసుకు ఒళ్లు మండేది. మొక్కిన ఏడాదే ఆయన పశువుల మేతకు వేసిన చెనక్కాయ కట్టె వామి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అయినా పౌరుషం తగ్గలేదు. చేతికర్ర ఊపుతూ టీ బంకు దగ్గర అందరికీ చెప్పేవాడు.

"నా కాలికేమైంది? రేపే నడుస్తా. ఈయప్పే భయపడి సస్తాండాడు. బోరు ఎండిపోతే ఆ పాపం ఈయప్పదే."

"ఔనప్పా, నాకు భయమే," అని పుల్లన్న టీ ఊదుకునేవాడు. ఊళ్లో గోవిందలు కొడుతూ బయల్దేరిన ప్రతి గుంపూ ఆయన్ను పిలిచేది. వాళ్ల దోవఖర్చుకు వేయించిన చెనక్కాయల మూట ఇచ్చి, ఆకాశంలో ఏదో లోపం చూపించి వెనక్కి తిరిగేవాడు.

రెండువేల మూడు, రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. ఓబుళేసు ఆ రోజు కర్ర లేకుండా బోరు దాకా నడిచొచ్చి, మళ్లీ ఇంటికి నడిచి వెళ్లాడు. గట్టు మీద నా పక్కన కూర్చుని ఆ నడకనే చూసిన పుల్లన్న లేచి పంచె దులుపుకున్నాడు.

"రేపు బయల్దేరదామప్పా. ఇంతకంటే మంచి కాలం దొరకదు."

ఈయనకు వడదెబ్బ తగిలిందనుకుని నేను వాళ్లింటికి పరిగెత్తి నారాయణమ్మ వదినకు చెప్పాను. ఆమె చెనక్కాయలు వలుస్తూనే నవ్వింది.

"ఓబుళేసు కాలు కుదురుకోవాలని ఇన్నాళ్లూ కాసుకోని ఉండాడు మీ అన్న. నీ కోసమే ఆగినా అని చెప్తే ఓబుళేసు ఊరుకుంటాడా? తన వల్ల మొక్కు ఆగిందని ఆ కుంటి కాలితోనే బయల్దేరతాడు. అందుకే కాలాన్ని తిట్టినాడు."

పుల్లన్నను నేనెన్ని మాటలన్నానో తలచుకుంటే సిగ్గేసింది, ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టింది. నేనూ మూట కట్టుకుని వెంటబడ్డాను.

కదిరి దాటాక ఓబుళేసు కాలు ఈడ్వడం మొదలుపెట్టాడు. నోరు మాత్రం ఆగలేదు. ఉన్నట్టుండి పుల్లన్న చింతచెట్టు నీడలో కూలబడ్డాడు.

"ముల్లు దిగినాదప్పా. రోంతసేపు కూచుందాం."

ఓబుళేసు కాళ్లు బారజాపి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. "నీతో వస్తే వచ్చే ఏటికి గానీ కొండ చేరం."

పుల్లన్న పాదం ఒళ్లో పెట్టుకుని ఎంత వెతికినా నాకు ఏమీ కనబడలేదు.

"యాడుండాదన్నా ముల్లు?"

పుల్లన్న ఓరగా ఓబుళేసు కాలి వైపు చూశాడు.

"నిదానంగా ఎతుకప్పా. తొందరేం లేదు."