ఇంజన్ ఆపని పికప్‌లో గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా

మా ఇంట్లో హైబ్రిడ్ అన్న మాట వినబడితే చాలు, మా ఆవిడ టీవీ సౌండు పెంచుతుంది. తప్పు ఆమెది కాదు. మధ్యరకం పికప్ కొనాలన్న పిచ్చి నాకు పట్టి చాలా కాలమైంది. ముందు నాలుగు తలుపుల క్యాబిన్, వెనక పెద్ద తొట్టి, ఎలాంటి దారికీ జంకని ఒళ్లు. మన దగ్గర దొరికేవి దాదాపు అన్నీ డీజిల్‌వే. ఇంజన్, బ్యాటరీ కలిసి నడిపే రకం వస్తుందని వీడియోల్లో ఊరిస్తూనే ఉన్నారు, నేను కాచుకునే ఉన్నాను. ఇప్పుడే కొనాలా, ఇంకా ఆగాలా తేలక, రోజూ అలాంటి బండి తోలేవాళ్లనే అడుగుదామని బయల్దేరాను. గద్వాలలో ఉండే స్నేహితుడు మణెమ్మ పేరు చెప్పాడు. ఆమె తన పికప్‌లో చేపపిల్లలను చెరువులకు చేరవేస్తుంది.

హైదరాబాద్ నుంచి రైల్లో ముందురోజు సాయంత్రమే గద్వాల చేరి, స్టేషన్ దగ్గర లాడ్జిలో పడుకున్నాను. గదికీ రాత్రి భోజనానికీ కలిపి వెయ్యి లోపే అయింది. తెల్లవారగానే ఆటోలో జూరాల వైపున్న చేపపిల్లల కేంద్రానికి వెళ్లేసరికి మణెమ్మ పికప్ అప్పటికే గుర్రుమంటూ ఉంది. తొట్టిలో నీళ్ల ట్యాంకు, అందులో వేలెడంత బొచ్చె, రవ్వ పిల్లలు. క్యాబిన్ వెనక బిగించిన చిన్న మోటారు గొట్టాల్లోంచి నీళ్లలోకి గాలి ఊదుతోంది. కొంగు నడుముకు బిగించిన మణెమ్మ నన్ను చూడగానే తాళంచెవి వైపు వేలు చూపించింది. "తమ్మీ, దీన్ని మాత్రం ముట్టకు. గాలి మోటర్ ఆగితె పిల్లలు నోర్లు తెరుసుకొని పైకొస్తయ్. ఇంజన్ బంద్ చేసి బ్యాటరీ మీద నడుపుదమంటె జరసేపే, తర్వాత సెల్ఫ్ పట్టది." పిల్లలను ఎక్కించడం ఆలస్యమైంది, రెండు గంటలు బండి నిలబడే డీజిల్ తాగింది.

ఎర్రవల్లి చౌరస్తా నుంచి హైవే ఎక్కి బీచుపల్లి చేరాం. ఆంజనేయుడి గుడి ఎదుట ఆపి, ఇంజన్ అలాగే ఉంచి, కూర్చున్న చోటి నుంచే దండం పెట్టింది. ముఖంలో మాత్రం తృప్తి లేదు. "మా నాయిన నేర్పిండు, అంజన్న ముందర బండి బంద్ చేసి నిమ్మలంగ మొక్కాలె అని. చేపలున్ననాడు యాడైతది?" నాకు ఉత్సాహం ఆగలేదు. హైబ్రిడ్ పికప్ వస్తే ఇంజన్ ఆగినా పెద్ద బ్యాటరీ గాలి మోటారును నడుపుతుందనీ, ఛార్జి తగ్గితే ఇంజన్ తనే లేచి నింపుకుంటుందనీ చెప్పుకుంటూ పోయాను. మా ఇంట్లో ఎవరూ ఇంత శ్రద్ధగా వినలేదు. "లొల్లి గూడ ఉండదా? అట్లాంటిదొస్తె ఈ బండి అమ్మి అదే తీసుకుంట తమ్మీ" అంది.

పెబ్బేరులో హైవే దిగి వనపర్తి దాటేసరికి డీజిల్ ముల్లు కిందికి దిగింది. బంకు కనబడితే ఆపమన్నాను. "బంకుల ఇంజన్ బంద్ చెయ్యమంటరు. చేపలుంటె నేను బంకు దిక్కే చూడ" అంది. ఆ చేపలు నాగర్‌కర్నూల్ దగ్గర ఆమె పుట్టింటి ఊరి చెరువుకు. నిరుడు ఆ చెరువులో పిల్లలు వేయలేదు. చేపలు పట్టుకుని బతికే ఆమె తమ్ముడు బొంబాయి పనికి పోయి వానాకాలానికి వచ్చాడు. ఈసారీ చెరువు ఖాళీగా ఉంటే మళ్లీ బొంబాయి బస్సే.

బిజినేపల్లికి ముందు వాగు రోడ్డు మీదికి పొర్లుతోంది. బండ్లు బారుగా ఆగిపోయాయి. మా వెనక కారులోంచి పెళ్లికి పోతున్న తెల్లబట్టల పెద్దమనిషి దిగి, "ఏందమ్మా ఈ పొగ? బంద్ చెయ్యరాదూ!" అని గదమాయించాడు. మణెమ్మ ముల్లు చూసింది, వాగు చూసింది, అది తగ్గేదాకా డీజిల్ చాలదని నిజంగానే తాళం తిప్పేసింది. తొట్టిలోకి ఎక్కి, మూత తీసి, నీళ్లలో గాలి కలిసేలా అరచేత్తో కొట్టసాగింది. "మా నాయిన బస్సుల చేపపిల్లల బిందె పెట్టుకొని ఊరిదాక గిట్లనే కొట్టుకుంట పోతుండె. రా తమ్మీ, చెయ్యి ఆపొద్దు." కాసేపటికే నా భుజం పడిపోయింది. పెద్దమనిషి సంగతి కనుక్కుని చొక్కా చేతులు మడిచి ఎక్కాడు. "పెండ్లిల చేపలకూర పెడితె ఇయ్యాల నేను ముట్ట" అంటూ బట్టలన్నీ తడుపుకున్నాడు. గంటకు పైగా ముగ్గురం వంతులవారీగా కొట్టాం. వాగు తగ్గింది, బండి ఒక్క తిప్పుకే లేచింది.

చెరువు కట్ట మీద ఆమె తమ్ముడు ఎదురుచూస్తున్నాడు. చెరువు నీళ్లు కొద్దికొద్దిగా ట్యాంకులో కలిపి, పిల్లలకు అలవాటయ్యాక గొట్టం విప్పారు. వెండి గీతల్లా జారి లోతుకు పోయాయి. చచ్చి తేలినవి ఏవో కొన్ని. పిల్లలు లోతుకు పోతుంటే తమ్ముడు బొంబాయి పనికి తీసుకుపోయే మేస్త్రీకి ఫోను చేసి, "మేస్త్రీ, ఈ ఏడు నేను రాను" అన్నాడు. మణెమ్మ ఇంజన్ ఆపి, బీచుపల్లి ఉన్న దిక్కుకు తిరిగి చేతులు జోడించింది. నాకు కళ్లు చెమర్చాయి.

నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాద్ బస్సులో నా అరచేతులు మండుతూనే ఉన్నాయి. నేను ఇన్నాళ్లూ హైబ్రిడ్‌లో మైలేజీ లెక్కలే చూశాను. ఆ బండి రావాలని ఇప్పుడు ఇంకా గట్టిగా కోరుకుంటున్నాను, కానీ మొదటి బండి మణెమ్మకే దక్కాలి. నేను ఆగగలను. మీరు వానాకాలంలో ఆ దారిన వెళితే ఒక్క మాట గుర్తుంచుకోండి. నీళ్లు కారుతున్న పికప్ ఏదైనా ఆగిన చోటే గుర్రుమంటూ కనబడితే ఇంజన్ ఆపమని అరవకండి. ఆగిపోయి కనబడితే మాత్రం, చొక్కా చేతులు మడిచి ఎక్కండి.