పట్టాల చివరికి అత్తయ్య ప్రయాణం

ఇప్పుడు రెండు రోజులు సెలవు దొరికితే చాలు, జనం సంచీ సర్దుకుని ఎక్కడికో ఒక చోటికి వెళ్ళిపోతున్నారు గాని, ఎనభైల నాటి తెనాలిలో ప్రయాణమంటే ముందు పదేళ్ళపాటు నోటితో చేసి, ఆ తరవాత వీలుంటే కాళ్ళతో చేసేది. సాయంత్రం మా అరుగు మీద కూర్చున్నవాళ్ళలో ఒకరు కాశీ వెళ్ళేవారు, ఒకరు ఊటీ వెళ్ళేవారు, మా నాన్న వారానికొకసారి తాజ్‌మహల్ చూసి వచ్చేవాడు. సైకిళ్ళు బాగుచేసే మా వీధి బావకి మాత్రం (అతను ఊరందరికీ బావే) ఎడారి చూడాలని కోరిక. "కాలవ లేని ఊరంటూ ఒకటి చూడాలి బావా, ఈ బురదతో విసుగొచ్చింది" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. ఎదుటివాడి కోరికకు నవ్వడానికి మాకు ఏ ఖర్చూ ఉండేది కాదు మరి.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. పగలు ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి, మిగతా వేళల్లో మూఢనమ్మకాలను నిర్మూలించేవాణ్ణి (రెండింటిలోనూ ఫలితాలు ఇంచుమించు ఒకేలా ఉండేవి). నెలకో ఆదివారం మా హేతువాద మిత్రులం ఒక హాలులో సభ పెట్టుకునేవాళ్ళం. ఉపన్యాసం అయ్యాక, విన్నవాళ్ళు చీటీల మీద ప్రశ్నలు రాసి పంపాలి. వక్త ఏ చీటీనీ దాచకుండా పైకి చదివి జవాబు చెప్పాలి. ఈ నియమం పెట్టింది నేనే. ఒకానొక పురాణం చెప్పే పెద్దమనిషి నా ప్రశ్నను మడిచి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడన్న కోపంతో పెట్టాను. అలాంటి ఒక సభలో ఆవేశం హద్దు దాటి, "పంచాంగం వద్దన్నవన్నీ ఒక్క ప్రయాణంలో చేర్చి, వెళ్ళి, క్షేమంగా వచ్చి, వచ్చే నెల ఇదే వేదిక మీద నిలబడతాను!" అని బల్ల గుద్దాను. చప్పట్లు మోగాయి.

చెడ్డ ముహూర్తం కావాలంటే పంచాంగం కావాలి కదా. కొని, ఆల్జీబ్రా పుస్తకంలో దాచి చదివాను. రెండు వారాల్లో ఎంత పండిపోయానంటే, పక్కింటి పిన్నిగారు కూతురి సీమంతానికి మంచిరోజు చెప్పమని నన్నే అడిగింది. చెప్పాను కూడా. అమావాస్య గురువారం నాడు పడుతోంది, గురువారం దక్షిణపు దిక్కుకు ప్రయాణం కూడదు, మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రాహుకాలం. అన్నీ అమరాయి. ఎక్కడికి వెళ్ళాలన్నదే తేలలేదు.

తేల్చింది మా అత్తయ్య, నాన్నకు అక్క. చిన్నతనంలోనే భర్త పోయి, మా ఇంట్లోనే ఉంటూ వీధిలో అందరికీ జాకెట్లు కుట్టేది. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క ఉండేది. ఎవరైనా ప్రయాణమై గడప దాటుతుంటే చప్పుడు చేయకుండా వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది. వెళ్ళమని ఎవరూ అనలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు (నాతో సహా). మా ఇల్లు రైలుకట్ట పక్కనే. ఆ వంటగది కిటికీలోంచి రేపల్లె బండి రోజూ కనిపించేది.

ఒక సాయంత్రం అరుగు మీద కాశీ, ఊటీలు అయిపోయాక, కుట్టుమిషను దగ్గర్నుంచి తల ఎత్తకుండా అంది. "నాకైతే రేపల్లెలో పట్టాలు ఎక్కడ ఆగిపోతయ్యో చూడాలనుంది."

అరుగంతా ఒక్కసారి గొల్లుమంది. "ఆగిపోయిన పట్టాల్లో చూసేదేముంది వదినా! బాపట్ల పోయి సముద్రం చూడు, అందరూ అదేగా చూసేది" అంది అమ్మ.

"సముద్రం చూసొచ్చినోళ్ళు సవాలక్షమంది చెప్పారు. పట్టా చివర చూశామని ఒక్కళ్ళు చెప్పారా? బండి దిగ్గానే బజార్లోకి పోతారు. ఆగిద్ది ఆగిద్ది అంటారే గాని, ఎట్టా ఆగిద్దో చూసినోళ్ళే లేరు."

తెనాలి మొత్తంలో అసలైన హేతువాది ఆమేనని నాకప్పుడు తట్టలేదు. రేపల్లె దక్షిణంగా ఉందన్నదే తట్టింది. "నేను తీసుకెళ్తా అత్తయ్యా, కాకపోతే నేను చెప్పిన ముహూర్తానికే రావాలి" అన్నాను. ఆమె కుట్టుమిషను ఆపింది. అమావాస్య నాడు కొత్త గుడ్డకు కత్తెర కూడా పెట్టని మనిషి. "పట్టా చివర చూపిస్తానంటే నీ దిక్కుమాలిన ముహూర్తానికే వస్తాలే" అంది.

గురువారం వచ్చింది. బండి ఒంటిగంట ఇరవైకి. రాహుకాలం ఒకటిన్నరకి. పది నిమిషాల తేడా నన్నేమీ బాధపెట్టలేదు. ఆ బండి అరగంట ఆలస్యం కాకుండా వచ్చినట్టు మా వీధిలో ఎవరికీ జ్ఞాపకం లేదు. ఒకటిన్నర కొట్టగానే గడప దాటాలని ఇద్దరం సంచీతో లోపలే నిలబడ్డాం. పొద్దుపోక, నేను రాసుకున్న దోషాల పట్టీ జేబులోంచి తీసి గర్వంగా చదవడం మొదలుపెట్టాను. "ఒకటి, అమావాస్య. రెండు, గురువారం దక్షిణ దిక్కు. మూడు, రాహుకాలం..." నాలుగోది చదవబోయి మింగేశాను.

"నాలుగోదేంట్రా?" అని కాగితం లాక్కుంది. "వితంతువు ముందు నడవడం" అని నా చక్కటి దస్తూరిలో ఉంది. ఆమె రెండుసార్లు చదివింది.

"ఇది నేనేగా?"

"అది నేననేది కాదత్తయ్యా! జనం అలా అనుకుంటారు కదా, వాళ్ళ నోరు మూయించాలని..."

"వాళ్ళు అనుకుంటారు. నువ్వు రాసుకున్నావు" అంది. కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.

ఇంతలో స్టేషను వైపు నుంచి కూత వినిపించింది. "అది మన బండేరా. కదిలింది కూడా" అంది. ఆమెకు కూతను బట్టి తెలుసు. నేను వాచీ చూసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతూ కూడా వాచీనే చూసుకున్నాను. "ఇంకా రెండు నిమిషాలుంది, ఆగత్తయ్యా." మేము గడపలో నిలబడి ఉండగానే, మేమెక్కవలసిన రైలు మా ఇంటి పక్కనుంచే, కిటికీలో జనం మమ్మల్ని చూస్తుండగా, వేమూరు వైపు తీరిగ్గా వెళ్ళిపోయింది.

అత్తయ్య నా వైపు తిరిగింది. మూతి బిగించి ఆపుకోవాలని చూసింది గాని నవ్వు ఆగలేదు. "ఒరేయ్, నేను పంచాంగం చూసి ఆగితే మూఢనమ్మకం. నువ్వు పంచాంగం చూసి ఆగితే ఏంట్రా దాని పేరు?" అంటూ, రాహుకాలానికి ఇంకా నిమిషం ఉండగానే గడప దాటి, బస్టాండు వైపు చకచకా నడిచింది. నేను సంచీ మోసుకుంటూ ఆమె వెనక నడిచాను.

బస్సు దొరికింది. వేమూరు దగ్గర గేటు పడి బస్సు ఆగితే, ఆ గేటు దారిలో ఎక్కడో నిలిచిపోయి వస్తున్న మా రైలు కోసమే. "అదిగోరా, నీ కోసం వెతుక్కుంటంది" అంది అత్తయ్య. పక్క సీట్లోవాళ్ళకు అప్పటికే కథంతా చెప్పేసింది కాబట్టి బస్సు బస్సంతా నవ్వింది. డ్రైవరు కూడా వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

రేపల్లెలో ప్లాట్‌ఫారం దాటి, గడ్డిలో పట్టా వెంబడి నడిచాం. చివర ఒక మట్టిదిబ్బ, దానికి అడ్డంగా రెండు పాత దుంగలు, వెలిసిపోయిన ఎర్రరంగు, నీడలో ఒక మేక. దుంగకు పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. "దీనికి కూడా బొట్టేనా!" అని నేను ఉపన్యాసం ఎత్తుకోబోయాను. వినేవాళ్ళు లేరు. అత్తయ్య పట్టా పక్కన గొంతుక్కూర్చుని, ఇనుము తెగిన చోట వేలు పెట్టి చూస్తోంది.

పట్టా పనివాడొకడు దగ్గరికి వచ్చాడు. "ఎవరికోసమమ్మా?"

"దీని కోసమే నాయనా. బండి ఆగకపోతే ఈ దిబ్బ ఆపిద్దా?"

అతను తలపాగా తీసి చెమట తుడుచుకున్నాడు. "ఇన్నేళ్ళ నుంచి ఇక్కడ పని చేస్తన్నానమ్మా, దీన్ని చూడ్డానికొచ్చింది మీరొక్కరే. కూర్చోండి, మంచినీళ్ళు తెస్తా." తెచ్చి, ఆమె అడిగిన ప్రతిదానికీ, ఇంజను ఎలా తిప్పుతారో కూడా, ఒక పెద్ద ఆఫీసరుకు చెప్పినట్టు చెప్పాడు. ఆమె చివరికి పైట దులుపుకుని లేచి, "ఊరికే ఆగిపోయిందిరా. ఏ ఆర్భాటమూ లేదు" అంది. అంత సంతోషంగా ఉన్న ఆమె ముఖాన్ని నేను అంతకుముందు చూడలేదు. సాయంత్రం బండికి గంట ముందే వచ్చి కూర్చున్నాం.

ఆదివారం సభ కిక్కిరిసింది. "అమావాస్య నాడు, కూడని దిక్కుకు, సరిగ్గా రాహుకాలంలో గడప దాటాం! క్షేమంగా వచ్చాం!" అన్నాను. (నిమిషమే కదా తేడా అని మనసుకు చెప్పుకున్నాను.) నాలుగోదాని ఊసెత్తలేదు. చప్పట్లు మోగాయి. చీటీలు వచ్చాయి. మూడో చీటీ విప్పితే పెన్సిలు రాత. జాకెట్ల కొలతలు రాసే గుండ్రటి అక్షరాలు. "రాహుకాలం కోసం ఆగి రైలు పోగొట్టుకున్నవాణ్ణి ఏమంటారు?"

తలెత్తాను. చివరి వరుసలో అత్తయ్య, ఏమీ ఎరగనట్టు. కాగితం వెనక్కి తిప్పాను. అది నా పట్టీయే. నాలుగో అంశం మీద, కాగితం చిరిగేంత గట్టిగా, ఒక పెన్సిలు గీత.

మడిచి జేబులో పెట్టుకోవచ్చు. ఆ పురాణం చెప్పే పెద్దమనిషి చేసిందీ అదే. చెయ్యి జేబు దాకా వెళ్ళింది కూడా. ఆగి, పైకి చదివాను. గడపలో నిలబడటం, రైలు వెళ్ళిపోవడం, అన్నీ చెప్పాను. హాలు నవ్వుతో ఊగిపోయింది. ఆ తరవాత వెనక వైపు చదివాను, నాలుగోది కూడా, అది రాసింది నేనేనని కూడా. అప్పుడెవరూ నవ్వలేదు. అత్తయ్య ఒక్కతే నవ్వింది. ఇంటికొచ్చే దారిలో అంది. "ఈసారి మచిలీపట్నం చూపించరా. అక్కడా పట్టా ఆగిపోయిద్దంటగా?"

మచిలీపట్నం చూశాం, నరసాపురం చూశాం. ఇంట్లో ఎవరు ప్రయాణమైనా ఆమె గుమ్మంలోనే నిలబడేది. ఇప్పుడామె లేదు. నేను మాత్రం ఏ ఊరు వెళ్ళాలన్నా అరగంట ముందే స్టేషన్లో ఉంటాను. ఆ అరగంటలో రాహుకాలం ఎప్పుడో నాకు తెలుస్తూనే ఉంటుంది (ఒకసారి నేర్చుకున్నది పోయేలా లేదు). ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే ఇరవై మూడేళ్ళ ఆ కుర్రాడు కనిపిస్తాడు. గడపలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడు, పక్కనుంచి రైలు వెళ్ళిపోతోంది. రారా, బండి పోతోంది అని కేకేయాలనిపిస్తుంది. కేకేసినా వాడు రాడు. వాడి లెక్క ప్రకారం ఇంకా రెండు నిమిషాలుంది.