మావయ్య ఆఖరి పీరియడు

మొన్న మా శ్రీకాకుళం ఆఫీసులో కొత్తగా వచ్చిన ఆఫీసరుగారు అయిదింటికి ఫైలు మూసి, ఒళ్లు విరుచుకుని, "లెట్ అజ్ కాల్ ఇట్ ఎ డే" అన్నారు. పొద్దుటినుంచీ ఆయన తెరిచింది ఆ ఒక్క ఫైలే. అందరూ లేచారు. నేను మాత్రం కాసేపు కుర్చీలోనే ఉండిపోయాను. ఆ మాట నేర్పడానికి నెల్లిమర్లలో మా మావయ్య ఒక సన్నాయి మేళాన్ని ముప్పావుగంట ఎండలో నిలబెట్టాడు మరి.

పదేళ్ల కిందట, అరవై ఏడు నాటి సంగతి. మావయ్య మా హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. ఇంట్లో మావయ్య, బళ్లో మాస్టారు. చెవి మెలిపెట్టడం మాత్రం రెండుచోట్లా ఒకటే. ఆ రోజు ఆయన రిటైరవుతున్నాడు. రిటైరైన మాస్టారిని మేళంతో ఇంటిదాకా ఊరేగించి దిగబెట్టడం మా వైపు ఆనవాయితీ. మనిషి మళ్లీ వెనక్కి రాకుండా చూసుకోవడానికే అనుకుంటాను. సభ అయింది, దండ పడింది, మేళం గుమ్మం ముందుకొచ్చింది. మావయ్య దండతోనే నేరుగా మా క్లాసులోకి నడిచి చాక్‌పీసు తీశాడు. "ఒక్క జాతీయం మిగిలిపోనాది" అన్నాడు.

బోర్డు మీద ఆ మాట రాశాడు. "పని అయిపోనాదని కాదర్రా దీనర్థం. ఇంకా ఉన్నాది. అయినా ఇయ్యాలకి సాలని మనవే అనుకోడం. ఏదీ, తలా ఒక వాక్యం సెప్పండి." తప్పు చెప్పినవాడికల్లా మళ్లీ మొదటినుంచి వివరించాడు. తప్పులు చెప్పడంలో మావాళ్లు ఆయన్ని ఏనాడూ నిరాశపరచలేదు. మావయ్య ముఖం వెలిగిపోతోంది. దండలోని బంతిరేకులు పుస్తకం మీద రాలుతున్నాయి.

కిటికీలోంచి మేళంలోని డోలాయన తల పెట్టాడు. "బాబూ, సాయంత్రం సాలూర్లో పెళ్లున్నాది. బస్సెల్లిపోతాది. తవరు కదుల్తారా, మమ్మల్నే ఎల్లిపోమంటారా?"

"ఉండవయ్యా, ఆఖరోడు మిగిలాడు."

ఆఖరోడంటే చివరి బెంచీలో నేను. మూడేళ్లలో ఒక్క సరైన జవాబు చెప్పిన పాపాన పోలేదు. క్లాసంతా నవ్వడానికి ఇటు తిరిగింది. మావయ్య నా తప్పు కోసం చాక్‌పీసు ఎత్తి పట్టుకున్నాడు.

"ఇట్ ఈజ్ లేట్, సర్. లెట్ అజ్ కాల్ ఇట్ ఎ డే" అన్నాను.

మావయ్య ఆ వాక్యంలో తప్పు కోసం చాలాసేపు వెతికాడు. దొరకలేదు. "ఒరే, మూడేళ్లూ ఏటి సేసావురా?" అని బోర్డు తుడిచి, బయటికి నడిచాడు. మేళం అందుకుంది.

ఒక్క తప్పు చెప్పి ఉంటే ఆయనకి ఆ క్లాసులో ఇంకో పది నిమిషాలు దొరికేవి. ఇప్పుడు ఆదివారం నెల్లిమర్ల వెళ్లినప్పుడల్లా ఆయన వాక్యం అడుగుతాడు, నేను జాగ్రత్తగా తప్పు చెబుతాను. పది నిమిషాలు వస్తాయి. ఆ పది నిమిషాలు మాత్రం కావు.