మూడో ట్యాంకుకు లీన్ అయ్యే ఇంజన్

2023 నవంబరు నెల. ఏన్కూరు చుట్టుపక్కల మిర్చి తోటలకు మందు కొట్టే కాలం కాబట్టి మా షాపు ముందు పవర్ స్ప్రేయర్లు బారులు తీరి ఉన్నాయి. స్ప్రేయర్లు, చెట్లు కోసే చైన్ సాలు, గడ్డి కోసే మిషన్లు, ఇలా చిన్న ఇంజన్ ఉన్న ఏ వస్తువైనా బాగు చేయడం నా పని. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి ఈ షాపు పెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. ఆడమనిషి ఏం రిపేరు చేస్తుందని మొదట్లో వెనక్కి పోయినవాళ్లే, తర్వాత్తర్వాత "సుజాతక్క చెవి పెడితే చాలు, ఏం పోయిందో చెప్పేస్తది" అనడం మొదలుపెట్టారు. ఆ మాట వింటే నాకు చాలా గర్వంగా ఉండేది.

ఆ చెవి కోసమే ఖమ్మం నుంచి రిమోట్ కార్లు నడిపేవాళ్లు కూడా నా దగ్గరికి వచ్చేవారు. ఆ కార్లలో ఉండేది నైట్రో ఇంజన్. పిడికిలంత ఉంటుంది గానీ నిమిషానికి ముప్పై వేల చుట్లు తిరుగుతుంది. పెట్రోలు కాదు, మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్ కలిపిన ఇంధనం పోయాలి. స్పార్క్ ఉండదు. గ్లో ప్లగ్ అనే చిన్న ప్లగ్గులో సన్నని తీగ ఎర్రగా కాలుతూ ఇంధనాన్ని మండిస్తుంది. కార్బురేటర్ మీద ఉండే నీడిల్స్, అంటే చిన్న స్క్రూలు, తిప్పి ఇంధనం ఎంత వెళ్లాలో సరిచేస్తాం. ఇంధనం ఎక్కువైతే రిచ్, తక్కువైతే లీన్ అంటాం. రిచ్ అయితే ఇంజన్ పొగ కక్కుతూ మందంగా నడుస్తుంది, అంతే. లీన్ అయితేనే ప్రమాదం. ఆయిల్ ఇంధనంలోనే ఉంటుంది కాబట్టి ఇంధనం తగ్గితే ఆయిలూ తగ్గుతుంది. వేడి పెరిగి పిస్టన్ గీసుకుపోతుంది. లీన్ అయినప్పుడు ఇంజన్ గొంతు మారుతుంది, కీచుమంటుంది. నేను దాన్ని వీధి అవతల నుంచి కూడా పట్టేయగలను.

ఒకరోజు పొద్దున కారేపల్లి నుంచి ఆటోలో ఒక పెద్దాయన, ఆయన భార్య దిగారు. ఆయన చేతిలో గోనెసంచి, అందులో మూరెడు పొడవు రిమోట్ బగ్గీ కారు. పేరు యోహాను. ఇల్లందు వైపు బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు డ్రిల్లింగ్ మిషన్ పట్టి రిటైర్ అయ్యారు. ఆ మిషన్ మోతకు రెండు చెవులూ పోయాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి కొంత, భార్య మార్తమ్మ చేతి సైగలతో కొంత అర్థం చేసుకుంటారు. ఆ బగ్గీని బదిలీ మీద వెళ్తున్న గని ఇంజనీరు ఒకాయన ఇచ్చి వెళ్లారట.

"పిస్టన్ పోయింది బిడ్డా. తప్పు నాదే. నీడిల్ ఎక్కువ బిగించిన," అన్నారు యోహాను కాక. వినపడనివాళ్లు మాట్లాడినట్టే, బాగా గట్టిగా. "కొత్తది ఎయ్యి. ఎట్ల ట్యూన్ జెయ్యాల్నో నాకు నేర్పు."

ఆయనకు కనపడేలా నోరు తిప్పుతూ చెప్పాను. "ఇది చెవితో చేసే పని కాకా. నేనే ట్యూన్ చేసిస్తాను. నువ్వు నీడిల్ ముట్టకు, నడుపుకో."

ఆయన మొహం వాడిపోయింది. "మా అల్లుడు బండి ముట్టనియ్యడు. ఇంట్ల మిక్సీ పోతే కూడ ముట్టనియ్యరు. ఇది గూడ ముట్టద్దంటవా?" అన్నారు. నేను నవ్వి బగ్గీని లోపలికి తీసుకున్నాను.

పది రోజుల్లో పిస్టన్, స్లీవ్ తెప్పించి వేశాను. స్లీవ్ అంటే పిస్టన్ ఆడే గొట్టం. కార్బురేటర్ పెట్టి బోల్టు బిగించి, షాపు వెనక ఖాళీ జాగాలో మధ్యమధ్యలో చల్లారుస్తూ నాలుగు ట్యాంకుల ఇంధనం అయ్యేదాకా రిచ్‌గా నడిపి, కొత్త పిస్టన్ స్లీవ్‌లో కుదురుకునేలా చేశాను. చెవి పెట్టి నీడిల్ సరిచేసి, తెల్ల పెయింటుతో దాని మీద గుర్తు పెట్టి పంపించాను.

రెండు వారాలకు అదే గోనెసంచి మళ్లీ వచ్చింది. విప్పి చూస్తే కొత్త పిస్టన్ కూడా గీసుకుపోయి ఉంది. గ్లో ప్లగ్ తీగ బూడిద రంగు తిరిగి వంకర పోయింది. లీన్‌గా నడిచిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

"నీడిల్ తిప్పినవు కదా కాకా?"

"ముట్టలే బిడ్డా. గుర్తు చూడు, ఉన్నకాడ్నే ఉంది."

నిజమే, గుర్తు కదలలేదు. తిప్పి మళ్లీ అక్కడికే తెచ్చి ఉంటారనుకున్నాను. ఎందుకైనా మంచిదని ఎయిర్ లీక్ పరీక్ష చేశాను. దారులన్నీ మూసి, ఇంజన్‌ను నీళ్లలో ముంచి, గొట్టంతో గాలి ఊదితే ఎక్కడ సందు ఉంటే అక్కడ బుడగలు వస్తాయి. లోపలికి దొంగగాలి పోతున్నా ఇంజన్ లీన్ అవుతుంది కాబట్టి ఈ పరీక్ష చేస్తాం. ముందువైపు బేరింగ్ దగ్గర మామూలుగా వచ్చే నాలుగు బుడగలు తప్ప ఏమీ రాలేదు. నా అనుమానం గట్టిపడింది.

అప్పుడే ఖమ్మంలో రిమోట్ కార్ల పోటీలు పెట్టే శేఖర్ తన కారు తీసుకుపోవడానికి వచ్చి పక్కన నిలబడ్డాడు. షాపులో ఇంకో ముగ్గురు రైతులు కూడా ఉన్నారు. నేను విసుగులో అనేశాను. "చూడు కాకా, చెవులు వినపడనోళ్లకు ఈ ఇంజన్ పనికిరాదు. బ్యాటరీ కారు కొనుక్కో."

మార్తమ్మ సైగ చేయలేదు. అవసరం లేకపోయింది. ఆయన నా పెదవులు చదివేశారు. ఇంజన్‌ను సంచిలో వేసుకుని వెళ్లి ఆటో ఎక్కారు.

మూడు రోజులకు ఇద్దరూ మళ్లీ వచ్చారు. ఈసారి కాక చేతిలో ఇంజన్ సంచితో పాటు గీతల నోటు పుస్తకం ఉంది. నా బల్ల మీద పెట్టి, "సదువు" అన్నారు.

కారు నడిపిన ప్రతిరోజూ ఒక పేజీ. రెండో పేజీలో ఇలా ఉంది: మొదటి ట్యాంకు, పొగ మంచిగ ఉంది. రెండో ట్యాంకు, పొగ మంచిగ ఉంది. మూడో ట్యాంకు, పొగ సన్నబడ్డది. స్టాండు మీద పెట్టి థ్రాటిల్ విడిచిన, చక్రాలు జల్దీ ఆగలే. చల్లారినంక మళ్ల నడిపిన, మంచిగ ఉంది. తర్వాతి పేజీలో అదే. ఆ తర్వాతా అదే. ప్రతిసారీ మూడో ట్యాంకుకే.

"నేను వినలేను గని చూస్త బిడ్డా," అన్నారు. "గనిలో రాయి ఇరిగేముందు డ్రిల్లు రాడ్డు చేతుల ఎట్ల అదుర్తదో నాకెరుక. ఇది కూడ చేతికి తెలుస్తది. వేడెక్కినంకనే ఏందో అయితంది. చల్లగున్నప్పుడు ఏం లేదు. నువ్వు చల్లటి నీళ్లల్ల చూసినవు."

ఆ పేజీలు మళ్లీ మొదటి నుంచి చదివాను. థ్రాటిల్, అంటే వేగం పెంచే మీట, వదిలాక కూడా వేగం తగ్గకపోవడం దొంగగాలికి మొదటి లక్షణం. ఎవరైనా నేర్చుకోవడానికి వస్తే నేనే మొదట చెప్పే పాఠం అది. ఆ మాట ఆయన ముందే చెప్పే ప్రయత్నం చేసి ఉంటే నేను వినేదాన్నా? అడగనే లేదు కదా.

ఎదురింటి నుంచి మరిగే నీళ్లు తెస్తానని మార్తమ్మ అప్పటికే కదిలింది. బకెట్లో పోసి, ఇంజన్‌ను ముంచి, అది బాగా వేడెక్కేదాకా ఆగి గాలి ఊదాను. మొదట ఏమీ లేదు. యోహాను కాక బకెట్ మీదికి వంగి కళ్లు చికిలించి చూస్తున్నారు. ఉన్నట్టుండి వేలు పెట్టి చూపించారు. కార్బురేటర్ కూర్చునే మెడ దగ్గర, దారం కట్టినట్టు, సన్నటి బుడగలు ఆగకుండా పైకి వస్తున్నాయి.

ఇంజన్ తుడిచి భూతద్దం పెట్టి చూశాను. అల్యూమినియం మెడ మీద, బోల్టు పక్కన, వెంట్రుకంత పగులు. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడికి తెరుచుకుంటోంది.

ఆ బోల్టు బిగించింది నేనే. స్ప్రేయర్ ఇనుముకు అలవాటైన చేయి, పలచటి అల్యూమినియం అని కూడా చూడకుండా అదే బలంతో తిప్పింది. మొదటి పిస్టన్ ఆయన వల్ల పోయింది, ఆ మాట ఆయనే ఒప్పుకున్నారు. రెండోది నా వల్ల పోయింది, ఆ నింద మాత్రం నలుగురి ముందు ఆయన మీద వేశాను.

పెదవులు చదవడంలో పొరపాటు జరగకూడదని ఆయన పుస్తకంలోనే రాశాను. "బోల్టు నేను ఎక్కువ బిగించాను. పగులు నా వల్లే. ఆ రోజు అట్లా అనడం కూడా తప్పే. మన్నించు కాకా."

ఆయన చదివి భార్యకు చూపించారు. మార్తమ్మ నా వైపు తిరిగింది. "ఆయన మూడు దినాలు సరిగ బువ్వ తినలే సుజాతా. గట్ల అనకుంటే మంచిగుండు," అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. యోహాను కాక మాత్రం పుస్తకం మూసి, "పగులు దొరికింది గదా. ఇగ కూసొని ఏం జేస్తవ్, పని చూడు. ఈసారి నాకు నేర్పు," అన్నారు.

ఇంజన్ బాడీ, పిస్టన్, స్లీవ్ అన్నీ నేనే తెప్పించి కొత్తగా వేశాను. ఈసారి బోల్టు కాకతోనే బిగించాను. ఎక్కడ ఆపాలో వేళ్లతో చూపించాను. ఆ తర్వాత జనవరి నెలంతా వారానికి రెండు రోజులు ఆయన వచ్చేవారు. చెవి లేకుండా ట్యూన్ చేయడం ఎలాగో నాకూ తెలియదు. ఇద్దరం కలిసే నేర్చుకున్నాం.

మొదట పొగ. కారు ఉరికినప్పుడు వెనకాల సన్నటి నీలిపొగ తెగకుండా రావాలి. తర్వాత వేడి. టెంపరేచర్ గన్ అని ఒక పరికరం ఉంటుంది, దూరం నుంచే ఇంజన్ తల మీది వేడి చూపిస్తుంది. నూటపది డిగ్రీల దగ్గర ఉంటే నిమ్మళం. నూట ముప్పై దాటితే వెంటనే ఆపాలి. తర్వాత గ్లో ప్లగ్ తీగ తడిగా మెరుస్తోందా, బూడిద రంగు తిరిగిందా చూడాలి. చివరిది పించ్ టెస్ట్. ఇంజన్ నిదానంగా తిరుగుతుండగా ఇంధనం గొట్టాన్ని రెండు వేళ్లతో నొక్కిపట్టాలి. కార్బురేటర్‌లో మిగిలిన ఇంధనంతో మూడు నాలుగు సెకన్లు నడిచి, కాస్త వేగం పెరిగి ఆగిపోతే సరిగ్గా ఉన్నట్టు. ఆ వేగం పెరగడాన్ని నేను చెవితో పడతాను. కాక ఎడమచేతి వేళ్ల కొసలు కారు అడుగు పలక మీద ఆనించి పట్టేవారు.

మొదట్లో పదిసార్లు చేస్తే ఏడుసార్లు తప్పేవారు. "మళ్ల," అనేవారు. చల్లార్చి మళ్లీ మొదలు. నెలాఖరుకు ఒకరోజు నేను బాగుందని తలూపితే ఆయన అడ్డంగా ఊపారు. "లేదు బిడ్డా, కొద్దిగ లీన్ ఉంది." గన్ పెట్టి చూస్తే నూట ఇరవై నాలుగు. నా చెవికి ఆ తేడా అందనే లేదు.

ఫిబ్రవరిలో ఖమ్మం శివారు మైదానంలో శేఖర్ వాళ్ల పోటీ. అరగంట పరుగు. యోహాను కాక పేరు ఇవ్వబోతే శేఖర్ ఒప్పుకోలేదు.

"వెనక కారొస్తంది పక్కకు జరుగుమని అరిస్తే కాకకు వినపడదక్కా. పైగా ఇంజన్ లీన్ అయితే తెల్వదు. మీరే అన్నరు గదా ఆ రోజు, చెవులు వినపడనోళ్లకు పనికిరాదని."

నా మాటే నాకు ఎదురొచ్చింది. అక్కడ చేరిన వాళ్లంతా వింటున్నారు. అందరికీ వినపడేలాగే చెప్పాను. "అన్నాను శేఖర్. అది తప్పు. ఆ ఇంజన్ పగలగొట్టింది నేను, కనిపెట్టింది కాక. ఇక అరుపు సంగతంటావా, మార్తమ్మ పక్కన నిలబడుతుంది. కుడి భుజం తడితే జరగాలి, రెండు భుజాలూ తడితే ఆపాలి. ఒకసారి నడిపించి చూడు, నచ్చకపోతే అప్పుడు వద్దను."

శేఖర్ తటపటాయించి రెండు చుట్లు తిప్పించి చూశాడు. మార్తమ్మ భుజం తట్టిన ప్రతిసారీ కారు టక్కున పక్కకు జరిగింది. "సరే కాకా, రాండి," అన్నాడు.

తొమ్మిది కార్లు బయలుదేరాయి. ఎర్రమట్టి లేచి ఎండలో పొగ కనపడటమే కష్టమైంది. ఇంధనం పోయించుకోవడానికి కారు మా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ కాక వంగి, వేళ్లు ఆనించి చూసి, పోనిచ్చేవారు. మూడో ట్యాంకుకు నేనూ ఆయన పక్కన వంగాను. ఆయన నీడిల్‌ను బియ్యపుగింజంత రిచ్ వైపు తిప్పారు. నేను వద్దనలేదు. పోటీ ముగిసేసరికి నాలుగు కార్లు ఇంజన్లు ఆగి మైదానంలోనే నిలిచిపోయాయి. కాక కారు నాలుగో స్థానంలో వచ్చింది. ఒక్కసారి కూడా ఆగలేదు. గన్ పెట్టి చూస్తే నూట పన్నెండు.

"ఎంత?" అని అడిగారు. వేళ్లతో చూపించాను. తలూపి, కారు బోర్లించి మిగిలిన ఇంధనం ఒంపేయడం మొదలుపెట్టారు. ట్యాంకులో ఇంధనం మిగిలితే లోపల తుప్పు పడుతుంది మరి.

ఇప్పుడు మా షాపుకు ఏ మిషన్ వచ్చినా ముందు తాడు లాగి స్టార్ట్ చేయను. తెచ్చినవాళ్లను కూర్చోబెట్టి, ఎప్పుడు ఆగుతోంది, ఆగేముందు ఏం కనిపించింది, చేతికి ఎలా అనిపించింది అని అడుగుతాను. చెప్పడానికి వాళ్లకు ఎంతసేపు పడితే అంతసేపు వింటాను. మిషన్ నా దగ్గర ఉండేది ఒకటి రెండు రోజులే, ఏడాదంతా దాన్ని చూసేది వాళ్లు.