నాయన కొత్త సాంచా పరీక్ష

కోరుట్లలో కాపురం పెట్టిన కొత్తల్లో జగిత్యాల నుంచి తెచ్చుకున్న కుట్టుమిషనుకు నూనె వేసినప్పుడల్లా, ఆ వాసనకు సిరిసిల్లలోని మా సందు గుర్తొస్తుంది. మేము సాంచాలని పిలిచే మరమగ్గాలు ఇంటింటా పొద్దంతా దడదడలాడుతుంటే, గంజి వాసన, వేడెక్కిన ఇనుము వాసన, బతుకమ్మ పండుగకు అమ్మ దంచే నువ్వుల పొడి కమ్మదనం అన్నీ ఆ మోతలోనే కలిసిపోయేవి. ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోయి మోత ఆగితే, ఆ నిశ్శబ్దానికే పిల్లలం ఉలిక్కిపడి నిద్ర లేచేవాళ్ళం.

నాయన ఏళ్ళ తరబడి ఒకే కార్ఖానాలో సాంచాలు నడిపాడు. అక్కడ నోటిమాట వినబడదు కనుక దారం తెగితే రెండు వేళ్ళు, ఆకలైతే అయిదు వేళ్ళు, ఆపమంటే అరచెయ్యి. ఇంట్లోనూ అమ్మ సైగతోనే అన్నానికి పిలిచేది. అందరి నాయనలూ అంతేననుకునేదాన్ని. ఆయన చెవులు పోయాయని నాకు తెలిసింది శిక్షణ వచ్చినప్పుడే.

సర్కారు డబ్బు పెట్టి, కొత్తరకం సాంచాల మీద మూడు నెలలు నేర్పి, నెగ్గినవాళ్ళను కొత్త షెడ్డులోకి తీసుకుంటామన్నది. నెలజీతం, ఎనిమిది గంటల పని. పన్నెండు గంటలు నిలబడి కాళ్ళు వాచే నాయనకు అది మళ్ళీ పుట్టినంత. తరగతిలో సారు చెప్పినదానికల్లా తలూపి, ఇంటికొచ్చాక తోటి పనివాడితో బొమ్మలు గీయించుకుని నేర్చుకునేవాడు.

పరీక్షకు ఇంటివాళ్ళనూ రమ్మన్నారు. బయలుదేరేముందు నాయన నా చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఆడ సైగలు చెయ్యకు బిడ్డా. నా చెవుల సంగతి ఎర్కయితే తీస్కోరు."

సాంచా చక్కగా నడిచింది. వెనకనుంచి పెద్దసారు ఆపమన్నాడు. నాయన ఆపలేదు.

"ఆపుమంటున్న గదయ్యా!" అని సారు అరిచాడు.

నాయన పోగుల మీదే చూపు పెట్టి, గర్వంగా నేస్తూనే ఉన్నాడు. ఆయనకు ఎదురుగా కూర్చున్నది నేనే. అరచెయ్యి ఒక్కసారి ఎత్తితే చాలు. మాటిచ్చాను కదా, చేతులు తొడల కింద పెట్టుకుని బిగుసుకుపోయాను. ఆ చేతుల మీద నాకు ఇప్పటికీ కోపమే.

చెప్తే లెక్కచేయడని కాగితం మీద రాశారు. మర్నాడు పొద్దున్నే నాయన పాత కార్ఖానాకే పోయాడు. చెవులు లేకున్నా పని దొరికే చోటు ఊళ్ళో అదొక్కటే.

ఇప్పుడు అదీ లేదు. మా సందులో సాంచాలన్నీ పాత ఇనుముకు పోయాయి. మొన్న పుట్టింటికి పోతే, మళ్ళీ శిక్షణ పెట్టారని, ముప్పై అయిదేళ్ళ లోపువాళ్ళనే తీసుకుంటారని అమ్మ చెప్పింది. అంతలో నాయన దరఖాస్తు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నా పేరు రాయి బిడ్డా. గీసారి నెగ్గుత."

వయసు దాటిందనడానికి నాకు ఏ సైగా తోచలేదు.

"నీ ఏజు దాటిపోయింది నాయనా!" అని గొంతు చించుకుని అరిచాను.

మోత లేని సందు. చివరి ఇంటివాళ్ళు కూడా బయటికొచ్చి చూశారు. ఏజు ఎంతని అడిగాననుకున్నాడేమో, నాయన లోపలికి పోయి ఆధార్ కార్డు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.